కడియం నుంచి తిరుపతికి ఒక మధ్యాహ్నం

హైదరాబాద్ అవతల ప్రజ్ఞాపూర్ దాటగానే రోడ్డు పక్కన మా మొక్కల నర్సరీ. ఏటా వానలకు ముందు రాజమండ్రి దగ్గరి కడియం వెళ్లి అంటుమొక్కలు తెచ్చుకుంటాను. అక్కడ నేను కొనేది ఎప్పుడూ ఒక పెద్దావిడ తోటలోనే. కిందటేడు వెళ్లేనాటికి నా భార్య తొలికాన్పుకు తిరుపతిలో పుట్టింట్లో ఉంది. డాక్టరమ్మ చెప్పిన తేదీ ఇంకా దూరంగా ఉందని ధైర్యంగానే బయల్దేరాను.

లారీకి మొక్కలు ఎక్కిస్తుంటే అత్తమ్మ ఫోన్ చేసింది.

"ఉమ్మనీరు పోయింది నాయనా. ఆస్పత్రికి తీసుకొచ్చినాం. మా బిడ్డ నిన్నే అడగతా ఉండాది."

చేతుల నిండా మట్టి. ఆ చేతులతోనే ఫోన్లో రైళ్ల వేళలు వెతకసాగాను. పెద్దావిడ దగ్గరికొచ్చి విషయం అడిగింది.

"ఎట్ల పోవాలె అమ్మా? గిప్పుడు రైలెక్కినా తెల్లారుతది" అన్నాను.

"రైలెందుకు బాబూ? మన రాజమండ్రి నుంచి తిరుపతికి విమానం ఉందండి. మా ఆడపడుచు మొన్ననే వెళ్లింది."

నాకు ఆ సంగతే తెలియదు. విమానమంటే హైదరాబాద్ పోయి ఎక్కేదనే నా లెక్క. ఆవిడ ఫోన్లో చూసింది. రోడ్డు మీద ఆరు వందల కిలోమీటర్లకు దగ్గర పడే దారి, గాలిలో నాలుగు వందల యాభైకి మించదట. గంటన్నరలోపే దింపేస్తారట. ఆ మధ్యాహ్నం విమానంలో సీటు దొరికింది.

"మరి లారీ?"

"నేను పంపిస్తానండి. మీ నాన్నగారి నంబరిచ్చి మీరు స్నానం చేసి రండి."

వాళ్ల అబ్బాయి చొక్కా, ప్యాంటు ఇచ్చి, గుప్పెడు పెరుగన్నం తినిపించి, కారు తనే నడుపుకుంటూ నన్ను విమానాశ్రయంలో దింపింది.

రెక్కలకు పంఖాలున్న చిన్న విమానం. లోపల సగానికి పైగా కొండకు వెళ్లేవాళ్లే. కిటికీలోంచి గోదావరి కనిపించి, కాసేపటికి మబ్బుల్లో కలిసిపోయింది. ట్రాఫిక్ ఉన్న రోజున మా ఊరి నుంచి హైదరాబాద్ దాటడానికి కూడా ఇంతకన్నా ఎక్కువే పడుతుంది. అయినా ఆ కాసేపు ఎంతకీ గడవలేదు. దేవుడికి కూడా సరిగ్గా మొక్కుకోలేకపోయాను.

తిరుపతి పక్కనే ఉన్న రేణిగుంటలో దిగేసరికి, ఫోన్లో చెప్పినట్టే బామ్మర్ది బండితో ఉన్నాడు. ఆస్పత్రిలో నర్సమ్మ నన్ను ఒక్క నిమిషం లోపలికి రానిచ్చింది. నా భార్య నొప్పుల్లోనే నన్ను ఎగాదిగా చూసింది.

"ఇంత తొందరగా ఎట్లొస్తివి? ఆ చొక్కా ఎవురిది?"

"అన్నీ తర్వాత చెప్త" అని చెయ్యి పట్టుకున్నాను. గట్టిగా నొక్కింది.

దీపాలు పెట్టే వేళకు పాప పుట్టింది. అత్తమ్మ బట్టలో చుట్టి తెచ్చి ముందుగా నా చేతుల్లోనే పెట్టింది.

మర్నాడు ఊరి నుంచి బాపు ఫోన్ చేశాడు. "మొక్కలొచ్చినయ్‌రా, ఒక్కటి గూడ వాడిపోలే. తడి గోనెలు చుట్టి పంపింది. గా అమ్మ నాకు రెండుసార్లు ఫోన్ జేసింది, 'కోడలు ఎట్లున్నది' అని. సొంత మనిషి లెక్కనే అడిగింది."

నేనే ముందు ఆవిడకు చేయవలసిన ఫోన్ అది. వెంటనే చేశాను. పాప పుట్టిందని చెప్పి, "మీరు లేకుంటే..." అనబోయాను. "తెలుసు బాబూ, తెలుసు. వెళ్లి పాపని చూసుకోండి" అంది ఆవిడ.

ఈ ఏడు కడియానికి ముగ్గురం వెళ్లాం. మొక్కల బేరం సంగతి మరిచిపోయి, సాయంత్రం దాకా ఆవిడ అరుగు మీదే కూర్చున్నాం. పాప ఆవిడ ఒళ్లోనే నిద్రపోయింది.