అత్తగారి పళ్ళూ, బొచ్చె తలకాయా

మా అత్తగారి నోట్లో మిగిలిన పళ్ళన్నిటినీ దసరా మర్నాడు సింధనూరులో పీకించాలని నిశ్చయమైంది. ముహూర్తం పళ్ళ డాక్టరుగారే పెట్టారు. కట్టుడు పళ్ళు రావడానికి ఆ తరవాత చాలా రోజులు పడుతుందట. ఆవిడ బాధపడలేదు గానీ ఒక షరతు పెట్టారు. ఈలోగా సొంత పళ్ళతో చివరిసారిగా బొచ్చె చేప తలకాయ తినాలి. అదీ కాలువలోంచి అప్పుడే తీసిన చేపది. బజార్లో ఐసు మీద పడుకోబెట్టిన చేపను ఆవిడ చేపగా లెక్కవేయరు.

"దాన్ని చూస్తే తినబుద్ధి కాదమ్మాయ్, పరామర్శించబుద్ధేస్తుంది" అంటారు.

నేను తెస్తానన్నాను. మా ఆయన పేపరు కిందికి దించి నా వైపు చూశారు. మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు. అది నాకు మాటకంటే ఎక్కువ అవమానంగా తోచింది. ఆదివారాలు పొద్దున్నే సైకిలేసుకుని కాలువకు పోయి, ఎండ ముదిరాక ఖాళీ సంచితో తిరిగొచ్చే మనిషినని ఆయనకు తెలుసు, క్యాంపంతటికీ తెలుసు. కోస్తా నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద వరి వేసుకున్న మా బోటివాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. మనవలు పుట్టినా మేమింకా గుడారాల్లో ఉన్నట్టే లెక్క. జవళగేర దాటాక మాది. నేను సంచితో కనబడితే ఇరుగమ్మ అడిగే మొదటి ప్రశ్న ఏమన్నా పడ్డాయా అని. రెండోది, నువ్వేమన్నా పడ్డావా అని.

నాది ఇంటి చదువు. బడి గడప తొక్కలేదు. నాన్న అరుగు మీద కూర్చోబెట్టి పలక మీద దిద్దించారు, ఆ నాలుగక్షరాలకే ఈ జన్మంతా ఆయనకు రుణపడి ఉన్నాను. గాలం వేయడం కూడా అలాగే ఇంట్లోనే నేర్చుకున్నాను, ఫోన్లో వీడియోలు చూసి. పిల్లల పెళ్ళిళ్ళయ్యాక మా తమ్ముడు నా గోల పడలేక ఒక మడత కర్రా, దానికి బిగించే రీలూ కొనిచ్చాడు. కాలువ గట్టు మీద సైకిలు తొక్కుతూ రామనామం చెప్పుకుంటాను. ఎత్తు వస్తే నామం వేగం పెరుగుతుంది. తూము దగ్గర దిగి, ఒకప్పుడు చేపగా పుట్టిన ఆ స్వామికే దండం పెట్టి గాలం వేస్తాను. నా గాలానికి ఆయన మాత్రం పడకుండా చూడమని ఆయన్నే అడుగుతాను. ఇన్నాళ్ళూ ఆ కోరికను ఆయన అవసరానికి మించి తీర్చాడు.

చిక్కేమిటంటే, నవరాత్రుల్లో మా ఇంట్లో నీచు ముట్టం. గాలమూ వేయను. దశమి పొద్దున పూజ ఎత్తేశాక వండుకుంటాం. ఆ మర్నాడే పళ్ళ డాక్టరు. అంటే అత్తగారి కోరికకు మిగిలింది దశమి ఒక్క పూటే.

అందుకని పనిముట్లను ముందే సిద్ధం చేసుకున్నాను. వానలకు నల్లమట్టి సైకిలు మడ్డుగార్డుల్లో ఇటుకలా పేరుకుని ఉంటే కొబ్బరీనె పుల్లతో గీకి తీశాను. గొలుసును కిరసనాయిలులో నానబెట్టి, తుడిచి, కుట్టుమిషను నూనె చుక్కలు చుక్కలుగా వేశాను. రీలు పక్కమూత విప్పి, లోపలి పళ్ళచక్రాలను అత్తగారి పాత పళ్ళ బ్రష్షుతో తోమి కొత్త గ్రీజు పెట్టాను. ఆ బ్రష్షును చూసి ఆవిడ, "ఇంకో రెండ్రోజులాగితే కొత్తదీ నీకే ఇచ్చేద్దును" అన్నారు.

మూత బిగించే లోపల ఆయుధపూజ వేళయింది. ఇది కన్నడదేశం. ఇక్కడ నవమి నాడు కదిలే ప్రతి వస్తువుకూ బొట్టు పడుతుంది. ట్రాక్టరు, కొడవలి, మిక్సీ, కత్తిపీట, చివరికి నీళ్ళ మోటారు. మేం వలస వచ్చినవాళ్ళం కదా, ఇక్కడివాళ్ళకంటే ఒక ఆకు ఎక్కువే చేస్తాం. సైకిలు హ్యాండిలుకు అరటి పిలక కట్టాను, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. రీలును పీట మీద పెట్టాను, మూత తీసినది తీసినట్టే. అంత శ్రద్ధగా తోమిన చక్రాలను అమ్మవారు ఒకసారి లోపలిదాకా చూస్తే మంచిదే కదా అనిపించింది. ఇంటిల్లిపాదీ అక్షింతలు చల్లారు. మా ఆయన మామూలుగా నాలుగు గింజలతో సరిపెట్టే మనిషి, ఆ రోజు రీలు మీద పిడికెడు గుమ్మరించారు.

పూజలో పెట్టినవాటిని మర్నాటిదాకా కదపకూడదు. దశమి తెల్లవారి దీపం పెట్టి, దండం పెట్టుకుని రీలు చేతిలోకి తీసుకున్నాను. పైనున్నవి రాలిపోయాయి. లోపల గ్రీజుకు అంటుకుని పచ్చగా కొన్ని గింజలు కనబడుతూనే ఉన్నాయి. వాటిని పుల్లతో ఏరి పారేయడానికి నాకు చేతులు రాలేదు. అమ్మవారి అక్షింతలు. ఉంటే రక్షేగానీ చెడుపేముంది? అలాగే మూత బిగించాను. అది తప్పంటే నేను ఈనాటికీ ఒప్పుకోను.

తూము కింద నీళ్ళు సుడి తిరిగే చోట తవుడూ, తెలగపిండీ, బెల్లమూ కలిపిన ముద్ద గుచ్చి వేశాను. బెండు చాలాసేపు కదల్లేదు. ఎండ మెడ మీదికొచ్చింది. ఇక లేవాల్సిందే, వంటకు ఆలస్యమైపోతుందనుకుంటూ ఉండగా బెండు ఒక్కసారిగా మునిగింది. కర్ర విల్లులా వంగింది. నా గాలానికి అంత బరువు అదివరకెప్పుడూ పడలేదు. రీలు తిప్పాను. రెండు చుట్లు తిరిగి, కటక్‌మని ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే కదలదు. లోపల వడ్ల గింజ నలిగినట్టు ఒక చప్పుడు. చేప లాగితే నైలాను తీగ బయటికి పోతోంది, నేను తిప్పితే లోపలికి రావడం లేదు. పూజా ఫలం చేపకు దక్కింది.

రీలు ముందున్న మర బిగించి తీగ పోకుండా ఆపాను. ఇక మిగిలిన దారి ఒక్కటే. కర్ర రెండు చేతులా పట్టుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టాను. గట్టు దాటి, బండిబాట దాటి, వరిచేను ఒడ్డు మీదికి. అటుగా మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దమనిషి ఆగాడు. రాయచూరు వైపు మనిషి అని నోరు తెరవగానే తెలిసింది.

"ఏందక్కా, గిట్ల ఎన్కకు నడుస్తున్నవ్? కాల్వల ఏమన్న చూసినవా?"

చేప పడిందని, రీలు పట్టేసిందని, ఒడ్డుకొచ్చిన చేపను కాస్త అందుకోమని బతిమాలాను. నేను కర్ర వదిలి కిందికి దిగితే అది పోతుంది, దిగకపోతే ఒడ్డున కొట్టుకుని తెంపుకుంటుంది. ఆయన చెంపలు వేసుకున్నాడు. తొమ్మిది రోజులుగా దేవి దీక్షలో ఉన్నాడట, సాయంత్రం జమ్మి కొట్టేదాకా నీచు ముట్టడట. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంటి దగ్గర ఒక ముసలావిడ చింతపండు నానబెట్టుకుని కూర్చుని ఉంది. రేపు ఈ పాటికి ఆవిడకు నమలడానికి ఏమీ ఉండదు. ఆ సంగతి చెప్పేశాను, పళ్ళతో సహా.

ఆయన మేకలను గట్టు పక్కకు అదిలించాడు.

"మీ అత్తకు పండ్లు పోతున్నయంటే... సరే. చాపను ముట్ట. కట్టెనైతే పట్టుకుంట. కట్టెకేం దోషం?"

కర్ర ఆయన చేతిలో పెట్టి పరుగెత్తాను. తూము మెట్ల దగ్గర నీళ్ళలో తెల్లటి పొట్ట తళుక్కుమంది. బొచ్చే. కొంగు చేతికి చుట్టుకుని మొప్పల కింద వేళ్ళు దూర్చాను. అది ఒక్క విదిలింపు విదిలించేసరికి మోకాళ్ళదాకా దిగబడ్డాను గానీ వదల్లేదు. పైనుంచి ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని కర్ర పట్టుకుని, అయిందా అక్కా, అయిందా అని అడుగుతూనే ఉన్నాడు. చూస్తే కూడా దీక్ష పోతుందేమోనని కాబోలు. ఆయన దీక్షా, ఆయన మేకలూ చల్లగా ఉండాలి.

తడిపిన గోనెసంచిలో చుట్టి క్యారియరుకు కట్టాను. దారంతా అది తోకతో సీటును తడుతూనే ఉంది. రాముణ్ణి తలుచుకుంటూ తొక్కాను. టైరు పంచరు కాలేదు, గొలుసు జారలేదు. చేప ప్రాణం పోతోందని కొంచెం బాధ కూడా కలిగింది, దానికీ నమస్కారమే చెప్పుకున్నాను. అయినా తొక్కడం ఆపలేదు.

తలకాయను రెండుగా చీల్చి పులుసు పెట్టాను. అత్తగారు పీట మీద కూర్చుని, పళ్ళెం దగ్గరికి లాక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నారు. బుగ్గ ఎముక, కన్ను, మెదడు, ఏదీ వదల్లేదు. పీల్చి, కొరికి, పక్కన పేర్చారు. మా ఆయన తన ముక్క తినడం మరిచి ఆవిడ్నే చూస్తున్నారు. అంతలో పళ్ళెంలో టంగుమని ఏదో పడింది. ఆవిడ ఎముకల కుప్పలో వేలు పెట్టి వెతికి, ఒక చిన్న తెల్లటి ముక్కను తీసి వెలుతురులోకి పెట్టి చూశారు.

"అమ్మాయ్, ఇది దానిదా, నాదా?"

దగ్గరికెళ్ళి చూశాను. మీదేనండీ అత్తయ్యగారూ, అన్నాను.

నాలికతో లోపల తడుముకుని తల ఊపారు. ఆ పన్నును పళ్ళెం అంచున విడిగా పెట్టి, రెండో చెక్క కూడా వడ్డించమన్నారు.