గ్రేసమ్మ వాసన చూసే పద్ధతి

పని మీద పొద్దున్నే బంగారుపేటలో బెంగుళూరు రైలెక్కినప్పుడల్లా ముందుగా నా ముక్కుకు తగిలేవి జనం పూసుకున్న సెంట్లు. నా చిన్నప్పుడు ఇదే పెట్టెలో మల్లెపూలు, పౌడరు, ఎవరి తలలోదో కొబ్బరినూనె, అంతే. సెంటు గట్టిగా కొట్టుకుని ఎవరైనా ఎక్కితే పెళ్ళికొడుకేమోనని తిరిగి చూసేవాళ్ళం. తర్వాత కొన్నేళ్ళు పెట్టె అంతా ఒకటే నిమ్మకాయ స్ప్రే. ఇప్పుడు మెడలో ఆఫీసు కార్డులు వేసుకున్న పిల్లలు తోలు వాసన, కాఫీ గింజల వాసన, పొగ వాసన పూసుకుని వస్తున్నారు. మొన్న నా పక్కన కూర్చున్న అమ్మాయి దగ్గర అచ్చంగా కాలిన కట్టె వాసన వచ్చింది. మా అమ్మయితే ఏ పొయ్యి దగ్గర కూర్చుని వచ్చావని అడిగి తలంటు పోసేది. నేను మాత్రం ఆ అమ్మాయి ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను. చివరికి ఆమెకే ఇబ్బందై కిటికీ వైపు తిరిగింది. వాసన తగిలితే ముఖం చూడడం గ్రేసమ్మ నాకు అంటించిన జబ్బు.

కోలార్ పక్కనున్న తమకలో మా యూనిట్ చిన్నది. అగరబత్తులకు, తలనూనెలకు, చిన్న సీసాల్లో అమ్మే సెంట్లకు వాసనలు కలుపుతాం. ఏ వాసన బజారుకు పోవాలి, ఏది మోరీలో పోయాలి అన్నది అప్పట్లో గ్రేసమ్మ మాట మీదే నడిచేది. ఆవిడ కె.జి.ఎఫ్., అంటే కోలార్ బంగారు గనుల్లో పనిచేసిన కార్మికుడి కూతురు. చదివింది ఎనిమిదో తరగతి. గని మూతపడ్డాక సంచిలో సెంటు సీసాలు వేసుకుని కార్మికుల లైన్లలో, అంటే వరసగా కట్టిన ఆ చిన్న చిన్న ఇళ్ళ దగ్గర, గడప గడపకూ తిరిగి అమ్మారట. అక్కడినుంచి మా ఓనరు ఆవిడను వెతుక్కుని వెళ్ళి తెచ్చుకున్నారు. నేను టేకల్ దగ్గర రాగులు పండించే ఇంటి పిల్లను. కెమిస్ట్రీ డిగ్రీ చేతిలో పట్టుకుని ఉద్యోగానికి వెళ్ళి, నేర్చుకున్న రసాయనాల పేర్లన్నీ ఆవిడ ముందు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆవిడ ఓపికగా విన్నారు.

"శ్రీనివాసపురం మామిడి మండీ చూసినావా అమ్మా?"

"మా మేనమామది ఆ పక్క ఊరే మేడమ్."

"కొనేవాడు కాయ తీసి వాసన చూస్తాడు గదా, అప్పుడు అమ్మేవాడు యాడ చూస్తాడు?"

కాయ వైపు అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "కాయ పొద్దుటినుంచీ వాని ముందరే ఉండాది. దాన్నేమి చూసేది? కొనేవాని మొగం చూస్తాడు." నాకు ఉద్యోగం వచ్చింది గానీ, ఆ మాట తలకెక్కడానికి మూడేళ్ళు పట్టింది.

నెలకోసారి కోలార్‌లో ఏదో ఒక ఫ్యాన్సీ అంగట్లో స్టూలు వేసుకుని మేమిద్దరం సగం రోజు కూర్చునేవాళ్ళం. ఒకావిడ సీసా మూత తీసి, వాసన చూసి, చాలా బాగుందని మెచ్చుకుని పక్కన పెట్టేసేది. నేను పుస్తకంలో 'బాగుంది' అని రాసుకుంటే గ్రేసమ్మ కొట్టేయమనేవారు. "అది మర్యాదకు అనిన మాట. ముక్కు మళ్ళీ సీసా కాడికి వచ్చినాదా? రాలేదు. ఇంగేమి రాసేది?" మల్లె సెంటు అమ్మకం తగ్గిపోతుందని అందరికంటే ముందు చెప్పింది ఆవిడే. బెంగుళూరులో పనికి వెళ్ళే ఆడపిల్లలు మల్లె సీసా తీసి, ఇష్టంగా చూసి, పక్కన ఎవరున్నారో గమనించి వెనక్కి పెట్టేయడం ఆవిడ కనిపెట్టారు. వాళ్ళకు ఆ వాసన ఇష్టమే, కానీ ఊరి పిల్ల అనిపించుకోవడం ఇష్టం లేదు. ఏడాది తిరక్కుండా ఆ మాట నిజమైంది. ఆవిడ ముక్కులో దేవుడున్నాడని మా యూనిట్‌లో అందరం నమ్మేవాళ్ళం. నేనైతే మరీను.

కరోనా జ్వరాలు వచ్చి వెళ్ళిన రోజుల్లో ఆ నమ్మకానికి పెద్ద దెబ్బ తగిలింది. కాగితపు పట్టీని సెంటులో ముంచి వాసన చూస్తాం. ఒకరోజు హడావిడిలో ముంచడం మరిచిపోయి ఉత్త పట్టీనే గ్రేసమ్మ చేతికి ఇచ్చేశాను. నాలుక కరుచుకుని వెనక్కి అడిగేలోపు ఆవిడ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నింపాదిగా గాలి పీల్చారు. "గులాబి రవంత ఎక్కువయినట్టుండాది," అన్నారు.

ఆవిడకు వాసన తెలియడం లేదు. ఆ సంగతి బయటపడితే ఆవిడ ఉద్యోగం పోతుంది. ముక్కు పోయిన మనిషిని వాసనలకు తీర్పు చెప్పే పెద్దగా ఏ ఓనరు ఉంచుకుంటాడు? భర్త లేడు, పిల్లలు లేరు, ఆ వయసులో మళ్ళీ సంచి పట్టుకుని గడపలు ఎక్కలేరు. నేను ఎవరికీ చెప్పలేదు. సరే మేడమ్ అని పట్టీ తీసుకుని వచ్చి, బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను. నిజం చెప్పాలంటే ఆ ఏడుపు ఆరాక ఇంకొక ఆలోచన కూడా వచ్చింది. ఇక ఈ యూనిట్‌లో పనిచేసే ముక్కు నాదొక్కటే.

ఆ గర్వంతోనే తొలకరి మట్టి వాసన తయారుచేశాను. వట్టివేరు వేసి, ఇంకా ఏవేవో కలిపి రెండు నెలలు దాని మీదే కూర్చున్నాను. మూత తీస్తే ఎండిన చేను మీద మొదటి చినుకు పడ్డట్టే ఉండేది. బెంగుళూరు నుంచి వచ్చిన డీలరు వాసన చూసి ఆహా అన్నాడు. ఓనరు మాత్రం గ్రేసమ్మ సరేనంటే ఆ సీజనుకు మన ఊళ్ళన్నిటికీ అదే పంపుదామన్నారు. ఆవిడ పట్టీ ముక్కు దగ్గర పెట్టుకుని నా వైపు చూసి నవ్వారు. "కాకి పిల్ల కాకికి ముద్దే లలితా. ఆదివారం కె.జి.ఎఫ్. పోయొద్దాం రా."

చర్చి విడిచాక రాహేలమ్మ ఇంటికి వెళ్ళాం. ఆమె గ్రేసమ్మకు పాత గిరాకీ, గనిలో పనిచేసిన మనిషి భార్య. కాఫీలు అయ్యాక గ్రేసమ్మ పేరేమీ చెప్పకుండా నా సెంటు ఒక చుక్క ఆమె మణికట్టు మీద రాశారు. రాహేలమ్మ నవ్వుతూ వాసన చూసింది. ఆ నవ్వు అలాగే ఆగిపోయింది. లేచి పెరట్లోకి వెళ్ళింది. చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరిగి వచ్చేసరికి చెయ్యి మోచేతి దాకా తడి, సబ్బు వాసన.

"బాగలేదా అమ్మా?" అన్నాను.

"బాగుండాది తల్లీ," అని కొంగుతో చెయ్యి తుడుచుకుంది. కాసేపటికి తనే మళ్ళీ అంది. "మా ఆయన షిఫ్టు దిగి వస్తే ఇదే వాసన. తడి మన్ను, తడి రాయి. ఎన్ని బకెట్లు పోసినా పోదు, దిండుకు కూడా అదే వాసన. ముప్పై ఏండ్లు కడిగినాను తల్లీ. ఇప్పుడు దుడ్డిచ్చి పూసుకోమంటే ఎట్ల?"

తిరుగు బస్సులో గ్రేసమ్మ తన తీర్పు ముక్కుసూటిగా చెప్పేశారు. "లలితా, ఇది మన ఊర్ల అంగళ్ళకు పోకూడదు." నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క ముసలావిడ చెయ్యి కడుక్కుంటే నా రెండు నెలల పని మట్టిలో కలవాలా? అనకూడని మాట అనేశాను.

"మీరు దాని వాసన కూడా చూడలేదు మేడమ్. చూడలేరు కూడా."

ఆవిడ నా ముఖం వైపు తిరిగారు. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"ఉత్త పట్టీ ఇచ్చినప్పట్నుంచి. మూడు నెలలు అయింది."

"నా ముక్కు పోయి ఎనిమిది నెలలాయె," అన్నారు ఆవిడ. "జ్వరం తగ్గినాక కాఫీ తాగితే ఉత్త వేడినీళ్ళు తాగినట్టు ఉన్నింది. దినామూ పొద్దున కర్పూరం డబ్బా తెరిచి చూస్తా. ఏమీ లేదు. అది సరే గానీ, ఈ ఎనిమిది నెలల్లో నేను సరే అనిన సెంటు ఒకటన్నా అంగట్లోనించి వాపసొచ్చినాదా? చెప్పు."

నేను వేళ్ళు మడిచి గుర్తు చేసుకున్నాను. నాలుగు సెంట్లు. ఒక్కటీ తిరిగి రాలేదు. అందులో రెండింటిని మళ్ళీ మళ్ళీ అడిగారు. ఎనిమిది నెలలుగా ఈ మనిషి వాసన అన్నదే లేకుండా, ఎదుటివాళ్ళ ముఖాలు మాత్రమే చదివి, ఏ ఊరివాళ్ళు ఏం పూసుకోవాలో సరిగ్గా చెబుతూ వచ్చింది. అలాంటి మనిషి పక్క సీట్లో కూర్చుని నేను నా ముక్కు గొప్ప చెప్పుకుంటున్నాను. సిగ్గు, ఆశ్చర్యం రెండూ ఒకేసారి వచ్చాయి.

"రాహేలమ్మ మనవరాలు ఏం చేసినాది, చూసినావా?" అని అడిగారు.

నేను ఆ పిల్లను చూడనే లేదు. వాకిట్లో ఫోను పట్టుకుని నిలబడిన ఒక అమ్మాయి ఉన్నట్టు లీలగా గుర్తు.

"వాళ్ళవ్వ చెయ్యి కడుక్కోను పోయినప్పుడు సీసా తీసి రాసుకునింది. మూడు తూర్లు వాసన చూసుకునింది. అవ్వ వస్తా ఉంటే చెయ్యి చున్నీ కింద దాచుకునింది. అవ్వ కడిగిన మన్ను ఆ పిల్లకేమి తెలుసు? బెంగుళూరులో అద్దాల ఆఫీసులో పొద్దుమునిగే దాకా కూసుంటాది. దానికి మన్ను కావల్ల. చిన్న సీసాల్లో పోసి ఆ డీలరుకు ఇయ్యి, పోతాది." నేను పెరటి వైపే చెవి పెట్టి కూర్చున్న ఆ కొద్ది నిమిషాల్లో ఆవిడ ఇదంతా చూశారు.

సోమవారం ఆవిడే ఓనరు గదికి వెళ్ళి, నేను వద్దని చెయ్యి పట్టుకుంటున్నా వినకుండా, ముక్కు పోయిందని చెప్పేశారు. ఆయన నోరు తెరిచారు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరు సెంటు పోతుందా లేదా అనే అడిగినారు సార్, వాసన తెలుస్తా ఉండాదా అని అడగలేదు," అన్నారు. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, చివరికి నా బల్ల పక్కనే ఆవిడకు ఇంకొక కుర్చీ వేయించారు. నేను వాసన చూడాలి, ఆవిడ మనుషులను చూడాలి. నా మట్టి సెంటు బెంగుళూరు వెళ్ళి, ఆవిడ చెప్పినట్టే అక్కడి పిల్లలకు తెగ నచ్చేసింది. ఊళ్ళలో అది ఇప్పటికీ అమ్మం.

గ్రేసమ్మ పోయి రెండేళ్ళయింది. వాసన ఆవిడకు మళ్ళీ రాలేదు. నేను చేసినవాటిలో మంచిదని జనం అనుకునే సెంటు ఎలా ఉంటుందో ఆవిడకు తెలియకుండానే వెళ్ళిపోయారు. ఆ బాధ నాకు పోదు. ఎండిన చేను, మొదటి చినుకు అని మాటల్లో చెప్పబోతే వద్దనేవారు. "నాకేమి చెప్తావు, రాసుకునేవాళ్ళను చూడు పో."

ఆవిడ కుర్చీలో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. వాసన మీద పడి మళ్ళీ ముఖాలు చూడడం మరిచిపోతానేమోనన్న భయం మాత్రం ఉంది, నా ముక్కును నేను పూర్తిగా నమ్మడం లేదు. జలుబు చేసి ఏ వాసనా తెలియని రోజున మా యూనిట్‌లో అందరూ నన్ను ఇంటికి వెళ్ళి పడుకోమంటారు. అందుకే నేను సెలవు పెట్టను. కొత్త సెంటు సీసా సంచిలో వేసుకుని, ఆ రోజే కె.జి.ఎఫ్. బస్సెక్కుతాను.