నా సెలవును పందెం కాసిన శుక్రవారం

భర్త పోయాక కడప నుంచి సౌదీలోని ఖఫ్జీకి, ఒక తెలుగు ఇంజినీరు ఇంట్లో వంటపనికి వెళ్ళాను. నా కూతురి తొలి కాన్పుకి సెలవు అడిగితే, సారూ మేడమూ పేకాటలో తేల్చుకుంటామన్నారు. సారు గెలిస్తే నేను కాన్పయిపోయాక, రంజాన్ దాటాకే వెళ్ళాలి. మేడమ్ గెలిస్తే వెంటనే వెళ్ళొచ్చు, నెలంతా సారు వండాలి. డబ్బు పెట్టి ఆడితే హరాం, అంటే పాపమంట, నా సెలవు పెట్టి ఆడితే కాదంట!

ఆట పేరు ఒమాహా. చేతిలోని నాలుగు ముక్కల్లో సరిగ్గా రెండు, బల్ల మీద అందరికీ పరిచిన ఐదింట్లో మూడు కలపాలి; ఐదూ ఒకే గుర్తయితే అది మూడు జాకీల కన్నా పెద్దది. ఈ నియమం మాకు నేర్పిన మహానుభావుడు సారే.

బల్ల మీద నాలుగు ఆఠీన్లు పడ్డాయి. సారు తన పందెం బిళ్ళలన్నీ ముందుకు తోసి, "లెక్క ప్రకారం నువ్వు వదిలేయాలోయ్" అన్నాడు. మేడమ్ ముక్కలు కింద పెట్టబోయింది.

"వదలద్దు మేడమ్! సారు లెక్క ఏ పొద్దన్నా కుదిరిందా? టీలోకి చక్కెర ఎంతో తెలీదు ఆయప్పకి!" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

మేడమ్ పకపకా నవ్వి తన బిళ్ళలూ తోసేసింది.

సారు ఆఠీను ఆసు విసిరాడు. "ఐదు ఆఠీన్లు! ఓడిపోయావ్!"

"చేతిలోంచి రెండు కావాలి కదండీ మాస్టారూ? మీకున్నది ఒక్కటే. నావి మూడు జాకీలు!" అంది మేడమ్.

మనవరాలు పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది దాని తల్లే. పెద్ద చదువుల చేతిలో నా బతుకు ఎంత భద్రంగా ఉందో ఆ రోజు తెలిసింది. గెలిచాను కాబట్టే నవ్వుతూ చెబుతున్నాను.