సూరిబాబు గారి డబ్బా పొయ్యి

మొన్న సాయంత్రం మా ఆవిడ సాంబ్రాణి వేయడానికి కొబ్బరి చిప్పలు కాల్చింది. మంట ఆరి, నిప్పు ఎర్రబడి, రేకు పళ్ళెం కాలిన వాసన గదిలోకి రాగానే నేను మంచం మీంచి లేచి కిటికీలన్నీ తెరిచేశాను. "పొగే లేదు కదండీ, ఎందుకా కంగారు?" అంది. పొగ లేకపోవడమే నా కంగారు. ఎందుకంటే ఒకప్పుడు మంచుకొండల మీద, రక్తం గడ్డకట్టే చలిలో, గుడారాన్ని ఉత్త చేతులతో చీల్చి ఒక మనిషిని చావు నుంచి బయటికి ఈడ్చిన వాణ్ణి నేను. ఈ సంగతి నేను చెప్పని టీ కొట్టు అమలాపురంలో లేదు. ఆ మనిషి సూరిబాబు గారు, రేకు సామాన్లు చేసేవారు. నిజానికి ఆ రోజుల్లో ఆయన్ని ఒట్టి సూరిబాబూ అనే పిలిచేవాణ్ణి. 'గారు' ఇప్పుడు ఈ రాతలో చేర్చుకున్నది.

తొంభైల్లో నేనొక ఆఫీసులో గుమస్తాని. చలికాలంలో కొండలెక్కి గుడారాల్లో పడుకునే వాళ్ళ గురించి ఏదో పత్రికలో చదివి, డిసెంబరులో నేనూ వెళుతున్నానని ఆఫీసులో అనేశాను. అని ఊరుకోలేదు, రోజుకింత చొప్పున ఆ కొండ ఎత్తు పెంచుకుంటూ పోయాను. చివరికి వెళ్ళక తప్పలేదు. వీపున మోసుకెళ్ళేంత తేలికైన పొయ్యి, గుడారం అమ్మే కొట్టు మా వైపు ఎక్కడుంది? గరాటులు, కిరసనాయిలు కొలతలు, బుడ్డి దీపాలు చేసే సూరిబాబు గారి కొట్టే దిక్కయింది.

"ఎంత తేలిగ్గా ఉండాలండీ?" అన్నారు.

"ఒలిచిన కొబ్బరికాయ కంటే తేలిగ్గా ఉండాలి" అన్నాను, ఏదో ఒకటి గొప్పగా అనాలి కదా అని.

"ఆయ్. అయితే ఆ కాయేదో పట్రండి."

నేను మాటవరసకు అన్నదాన్ని ఆయన నిజంగానే త్రాసులో ఒక పక్కన పెట్టి కూర్చున్నారు. నూనె డబ్బాతో చేసిన మొదటి పొయ్యి కాయకంటే బరువు తూగింది. పాలపొడి డబ్బాతో చేసిన రెండోది తేలికే గాని, మంట తగలగానే కాళ్ళని అతికిన సీసం మాటు కరిగి మూడూ ఊడిపడ్డాయి. ఆయన సిగ్గుపడిపోయారు. "ఇన్నేళ్ళ పనోణ్ణి, నిప్పులో మాటు నిలవదని మర్చిపోయేనండీ" అంటూ తలమీద మొట్టుకున్నారు. మూడోసారి మాటన్నదే లేకుండా రేకు అంచుల్ని ఒకదాన్లో ఒకటి మడిచి బిగించారు. పెద్ద డబ్బాలో చిన్న డబ్బా దించి, బయటదానికి అడుగున, లోపలిదానికి పైన చిల్లులు పొడిచారు. పుల్లలు అంటించాక కాసేపటికి పొగ మాయమై, ఆ పై చిల్లుల్లోంచి నీలం నాలుకలు వచ్చాయి. పొగే మళ్ళీ మండుతోంది. చల్లారాక త్రాసులో వేస్తే కాయున్న పళ్ళెం దిగింది. "తేలిందండీ!" అని ఆయన వేసిన కేకకి పక్క కొట్టువాళ్ళు పరిగెత్తుకొచ్చారు. మా ఆఫీసులో నలుగురు తమకూ అలాంటిది కావాలన్నారు.

సూరిబాబు గారి అమ్మాయి పద్మ రెయిన్‌కోటు గుడ్డతో గుడారం కుట్టింది. తన పొయ్యి చలిలో ఎలా మండుతుందో చూడాలని సూరిబాబు గారు కూడా బయల్దేరారు. మేం వెళ్ళింది మంచుకొండలకి కాదు. ఏజెన్సీలో ఒక కొండకి. అక్కడ పడేది తెల్లారగట్ల గడ్డి తెల్లబడేంత మంచు, అంతే.

కాని గోదారి గట్టున పుట్టిన ఒంటికి అదే ఎక్కువ. మర్నాడు పొద్దున్న పక్కనున్న మనిషి కనపడనంత పొగమంచు. పొయ్యి మీద టీ నిమిషాల్లో కాగింది. ఇంటి నుంచి తెచ్చిన కొబ్బరి చిప్పలు అందులో వేస్తే నిప్పు నిగనిగలాడింది. పొగ లేదు కదా అని పొయ్యిని గుడారంలోకి తెచ్చుకుని జిప్పు లాగేశాం. బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెట్టే ఊళ్ళ వాళ్ళం. మన ఇళ్ళలో పెంకుల సందుల్లోంచి గాలి ఆడుతుందని, రెయిన్‌కోటు గుడ్డకి సందే ఉండదని మా ఇద్దరిలో ఒక్కరికీ తెలియదు.

"హాయిగా ఉంది కదూ" అన్నాను. ఆయన జవాబు నాకు వినపడలేదు. తల దిమ్ముగా ఉంది, నిద్ర కాబోలనుకున్నాను.

తర్వాత నాకు తెలిసింది చెంపకింద తడి గడ్డి. కడుపులోది అంతా బయటికొచ్చింది. పద్మ కుట్టిన గుడారం పైనుంచి కిందదాకా చీలి ఉంది. సూరిబాబు గారు మోకాళ్ళ మీద ఊగుతున్నారు, చేతిలో రేకులు కత్తిరించే కత్తెర. "గుమస్తా గారండీ, మీ అబ్బాయి పేరేంటండీ? చెప్పండి. పేరు చెప్పండి" అని అడుగుతూనే ఉన్నారు. నోరు తెరిచాను. నా కన్నకొడుకు పేరు నాకు గుర్తు రాలేదు. ఎంత వెతికినా రాలేదు. ఆయన ఏడ్చేశారు. ఆ పేరు నా నోట్లోంచి వచ్చేసరికి పొగమంచు విడిపోయి ఎండ వచ్చింది.

గుడారం చీల్చిందీ, మనిషిని ఈడ్చిందీ నేను కాదు. ఈడ్పించుకున్నవాణ్ణి.

ఊరికొచ్చాక ఏం జరిగిందని అందరూ అడిగితే ఆయన ఒకటే చెప్పారు: "నా పొయ్యిలోనే ఏదో లోపమండీ." మా ఆఫీసు వాళ్ళ కోసం చేసి ఉంచిన నాలుగు పొయ్యిల్నీ కొయ్య సుత్తితో అణగ్గొట్టేశారు. అంత తేలికైన రేకు, ఒక్కొక్కటీ రెండు దెబ్బలకే చదునైపోయింది. లోపం పొయ్యిది కాదని నాకు అప్పటికే తెలుసు, గాలాడని చోట ఏ నిప్పులైనా కంటికి కనపడని విషవాయువు వదులుతాయని డాక్టరు గారు చెప్పారు. చేతిలో టీ గ్లాసుతో అక్కడే నిలబడ్డాను. నోరు విప్పలేదు. తర్వాత ఆయన బతికిన పదేళ్ళలో ఎప్పుడు ఎదురుపడినా "తలనొప్పి గాని వస్తోందాండీ?" అని నన్నే అడిగేవారు.

ఇప్పటికీ ఏ ఇంట్లో నిప్పుల వాసన వచ్చినా పరాయి ఇల్లని చూడకుండా తలుపులు తెరిచేస్తాను. ఎన్ని బాలింత గదుల్లో తిట్లు తిన్నానో! నేను పెంచి చెప్పని పని ఇదొక్కటే.

ఇదంతా రాసి, అచ్చుకిచ్చే ముందు పద్మకి చదివి వినిపించాను. అంబాజీపేటలో కుట్టు మిషను పెట్టుకుంది. చివరిదాకా మిషను ఆపేసి వింది.

"బాగానే రాసేరండీ. ఒక్క ముక్క మార్చండి. ఇద్దరికీ తెలీదని రాసేరు. నాన్నకి తెలుసండి. నా చిన్నప్పుడు వానకి కొట్టు తలుపేసుకుని, నిప్పులు పెట్టుకుని మాట్లు వేస్తూ ఓసారి పడిపోయేరాయన. అందుకే లోపలొద్దండీ అని మీకు రెండుసార్లు చెప్పేరంట. నీ పొయ్యి మీద నీకే నమ్మకం లేదా అని మీరు నవ్వేరంట."