అమ్మ కుట్టిన ఈత బట్టలు

నూరేళ్ళ కిందట ఆడవాళ్ళు డైవింగ్ పోటీల్లో ఏం వేసుకుని దూకేవారో నాకు బాగా తెలుసు. వాటిని వేసుకుని దూకాను కూడా. మెడ నుంచి మోకాళ్ళ దాకా నల్ల ఉన్ని, కింద పొడుగు మేజోళ్ళు, జుట్టు కనబడకుండా గుడ్డ టోపీ. పొడిగా ఉన్నంతసేపూ ఒళ్ళంతా గీరుతుంది. తడిసిందా, వీపు మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు కిందికి లాగుతుంది. నేను దూకిన ఆ జత మా అమ్మ కుట్టింది.

ఆ సంగతికి ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. అమెరికాలో నాన్న కాంట్రాక్టు మారినప్పుడల్లా మేం ఊరు మారేవాళ్ళం. జెర్సీ సిటీ, తర్వాత ట్రాయ్, ఆఖరికి బెంటన్‌విల్. వెళ్ళిన ప్రతిచోటా కొత్త బడి, కొత్త టీచరు, మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని తినే డబ్బా. బెంటన్‌విల్ వచ్చాక ఇంక బడికి వెళ్ళనని ఏడ్చి, ఇంట్లోనే చెప్పమని అమ్మ కొంగు పట్టుకుని తిరిగాను. అమ్మ లెక్కల్లో ఎమ్మెస్సీ. అప్పటి వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేదు. వద్దు వద్దంటూనే ఒప్పుకుంది. పొద్దున్న దీపం పెట్టి, ఒక శ్లోకం చెప్పించి, భోజనాల బల్ల మీద పుస్తకాలు తెరిచేది. లెక్కలూ సైన్సూ ఇంగ్లీషూ అయ్యాక మధ్యాహ్నం తెలుగు. ఇవాళ ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నానంటే అది ఆ బల్ల పుణ్యమే.

డైవింగ్‌కి తీసుకెళ్ళిందీ అమ్మే. ఇంట్లో చదువుకునే పిల్లకి ఏదో ఒక ఆట ఉండాలని వెతికి, అరగంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఉన్న పాత పూల్ పట్టుకుంది. దానికోసమే కారు నడపడం నేర్చుకుంది. అసలు అమ్మకి నీళ్ళంటే భయం. షవర్ కింద తల పెట్టినా కళ్ళు గట్టిగా మూసుకునే మనిషి. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నేను పైకెక్కగానే తల దించుకునేది. నీళ్ళ చప్పుడు విన్నాకే ఎత్తేది. "బాగా దూకావా?" అని మళ్ళీ నన్నే అడిగేది.

అక్కడ దొరికింది మా కోచ్. పొట్టి తెల్ల జుట్టు, ఎండకి కందిపోయిన మెడ, ఎప్పుడూ చేతిలో చల్లారిపోయిన కాఫీ. వాళ్ళ అమ్మమ్మ ఆ పాతరోజుల్లో పోటీల్లో దూకిన మనిషి. ఆవిడ ఫోటోలు కోచ్ ఆఫీసు గోడ మీద ఉండేవి. వాన పడి పూల్ మూసిన రోజుల్లో నన్ను ఆ గోడ దగ్గర కూర్చోబెట్టి కథలు చెప్పేది. ఆడవాళ్ళ ఒళ్ళు తట్టుకోదని పిల్లిమొగ్గలు వెయ్యనిచ్చేవారు కాదట. తిన్నగా దూకే సాదా డైవ్ ఒక్కటే వాళ్ళకి వదిలారట. మేజోళ్ళు వేసుకున్నారా లేదా అని ఎవరో ఒక పెద్దమనిషి గట్టు మీద నిలబడి చూసేవాడట. "ఇచ్చింది ఆ ఒక్కటే కదా, దాన్నే అందంగా చేసి చూపించారు" అనేది కోచ్. అదే స్వాన్ డైవ్. గాల్లో చేతులు రెక్కల్లా చాపి, ఛాతీ పైకెత్తి, ఆఖరి క్షణంలో చేతులు కలిపి నీళ్ళలోకి వెళ్ళడం. నాకు వచ్చిన వాటన్నిటిలో నాకిష్టమైంది అది. గాల్లో ఉన్న ఆ కాసేపూ కోరుకోవడానికి ఏమీ మిగలదు. మనసులో నామం దానంతట అదే నడుస్తుంది.

నీళ్ళలో దిగే ముందు వేళ్ళు తడిపి కళ్ళకద్దుకోవడం అమ్మ నేర్పిన అలవాటు. ఎక్కడి నీళ్ళైనా గంగమ్మే అంటుంది అమ్మ. ఎందుకలా చేస్తావని మొదటి నెలలోనే కోచ్ అడిగింది. చెప్పాను. ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టి, తనూ వంగి వేళ్ళు తడుపుకుంది. ఆ రోజు ఇంటికొచ్చి, ఇలాంటి మనిషిని ఇచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ దణ్ణం ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

నేను పెద్దదాన్నై, ఇంటి దగ్గరే పిల్లలకి లెక్కలు చెప్పుకుంటున్నా, వారానికి రెండుసార్లు ఆ పూల్‌కి వెళ్ళడం మానలేదు. గత వసంతంలో అక్కడ కబురు తెలిసింది. డైవింగ్ పూల్‌కి ఇన్సూరెన్స్ భారం మోయలేకపోతున్నారట. శీతాకాలంలోగా మట్టి పోసి పూడ్చేసి, పైన పిల్లలు ఆడుకునే ఫౌంటెన్లు పెడతారట. విరాళాలు పోగైతే మాత్రం ఉంచుతారట. కోచ్ ముఖం అంతలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ వారమే ఆలోచన చెప్పింది. పాతకాలం డైవింగ్ ప్రదర్శన పెడదాం, ఆనాటి బట్టలతో ఆనాటి డైవులు, డబ్బున్న వాళ్ళని పిలుద్దాం అని. చివర్లో స్వాన్ డైవ్ నాది.

బట్టలు నేను కుడతానంది అమ్మ. గోడ మీది ఫోటోని ఫోన్‌లో తీసుకుని, దాన్ని పెద్దది చేసి చేసి చూసి, పాత చీటీల వెనక కొలతలు గీసింది. నల్ల ఉన్ని గుడ్డ కోసం మూడు ఊళ్ళు తిరిగాం. కుట్టి తొడిగి చూస్తే చంకల్లో ఒరుసుకుంది. అమ్మ బీరువాలోంచి తన పాత వాయిల్ చీర తీసి, ముక్కలు చేసి, లోపలంతా లైనింగ్ వేసింది. "ఆ రోజుల్లో వాళ్ళకి ఇలా వేసేవాళ్ళు లేరు కాబోలు పాపం" అంది, నోట్లో సూది పెట్టుకునే.

ప్రదర్శన రోజున గట్టు నిండా మడత కుర్చీలు వేశారు. అమ్మ మూడో వరసలో, గంధం రంగు పట్టుచీరలో కూర్చుంది. ఆఫీసు పని తెమలక నాన్న రాలేదు. ముందు దూకాల్సిన వాళ్ళు దూకారు, జనం చప్పట్లు కొట్టారు. కోచ్ సైగ చెయ్యగానే నేను నిచ్చెనెక్కి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. తను నా గురించి రెండు మాటలు చెప్పాక దూకమంది.

మైకు తీసుకుని, కోచ్ తన అమ్మమ్మ గురించి మొదలుపెట్టింది. మేజోళ్ళూ, సాదా డైవులూ, గట్టు మీది పెద్దమనిషీ, అన్నీ నాకు తెలిసిన కథలే. తర్వాత ఆగి, నా వైపు చెయ్యెత్తి చూపించింది.

"ఈ అమ్మాయి వేసుకున్నది నాటకం బట్టలు కావు. నా దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు దాదాపు ఇలాగే వచ్చింది. వాళ్ళింట్లో పద్ధతి అది."

మొదట పొరపాటున అందేమో అనుకున్నాను. మొదటి రోజు నేను వేసుకున్నది పూల్ షాపులో కొన్న నీలం స్విమ్‌సూట్. అది కొనిపెట్టింది అమ్మ.

కోచ్ ఆగలేదు. నన్ను బడికి పంపలేదని చెప్పింది. నాకు స్నేహితులెవరూ ఉండకుండా నాలుగు గోడల మధ్య పెంచారంది. నీళ్ళలో దిగాలన్నా ఈ పిల్ల భయపడేదనీ, ఇప్పటికీ దిగే ముందు వంగి, నీళ్ళని అనుమతి అడుగుతుందనీ చెప్పి గొంతు తగ్గించింది. నూరేళ్ళ కిందటి ఆడపిల్లలు ఎక్కడికీ పోలేదు, మన పక్క వీధిలోనే ఉన్నారు, ఈ పూల్ లేకపోతే వాళ్ళకి బయటికి దారి లేదు అంది.

పై నుంచి అందరి తలలూ కనిపిస్తున్నాయి. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది. అమ్మ కోసం చూశాను. నేను పైనుంటే ఎప్పుడూ తల దించుకునే అమ్మ ఈసారి తలెత్తి నన్నే చూస్తోంది. చుట్టూ జనం లేచి చప్పట్లు కొడుతుంటే, తనూ లేచి కొట్టింది.

దూకాను. నిచ్చెన దిగి వచ్చేద్దామని కాళ్ళు అన్నాయి కానీ, దిగితే పూల్ పోతుంది. గాల్లో చేతులు చాపినప్పుడు ఎప్పుడూ వచ్చే నామం రాలేదు. బాగా దూకానని తర్వాత అందరూ అన్నారు.

తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి ఆ కళ్ళు తుడుచుకున్నావిడ మా అమ్మ రెండు చేతులూ పట్టుకుని ఉంది. మీ అమ్మాయిని రానిచ్చినందుకు చాలా థాంక్స్ అంటోంది. అమ్మ నవ్వి "యూ ఆర్ వెల్కమ్" అంది.

బట్టలు మార్చుకునే గదిలో కోచ్ నా వెనకే వచ్చింది. తడిసిన ఉన్ని విడిపించడం ఒక్కరి వల్ల కాదు. నా భుజాల మీంచి దాన్ని లాగుతూ, విరాళాలు అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చేట్టున్నాయని చెప్పింది.

అవన్నీ ఎందుకు చెప్పారని అడిగాను.

"హనీ, సంతోషంగా పెరిగిన పిల్ల కోసం ఎవరూ చెక్కు రాయరు" అంది.

"అది మా అమ్మ."

"మీ అమ్మని అడిగాకే చెప్పాను. సరేనంది."

"మరి నన్నెందుకు అడగలేదు?"

ఆవిడ ఉన్ని బట్టలు బకెట్లోకి పిండుతూ, నా వైపు చూడకుండా అంది. "నువ్వు ఒప్పుకోవని తెలుసు."

తిరిగి వెళ్తూ కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అమ్మని అడిగాను. అవును, ముందు వారం కోచ్ ఫోన్ చేసి అడిగిందంది. కొంచెం పెంచి చెబుతానని అందట.

"నాకేం పోయిందే? వాళ్ళెవరో మనమెవరో. పూల్ ఉంటుంది కదా నీకు."

"బడి వద్దన్నది నేను కదమ్మా. నువ్వు వద్దంటే ఏడ్చింది నేను."

"ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. చాలదా?"

చాలలేదు. ఆ బల్ల, ఆ దీపం, మధ్యాహ్నాల తెలుగు అమ్మ ఒక్కదానివే కావు. అవి నావి కూడా. వాళ్ళిద్దరూ నాకు తెలియకుండా వాటిని తీసి జనం ముందు పెట్టారు. ఒకరు పూల్ కోసం, ఒకరు నా కోసం. ఇద్దరి మీదా కోపం తెచ్చుకోవడానికి వీల్లేకుండా చేశారు. సిగ్నల్ మారింది.

పూల్ నిలబడింది. అందుకు నేను నిజంగానే కృతజ్ఞురాలిని. పిల్లలు అక్కడ దూకుతున్నారు. వాళ్ళలో నా దగ్గర లెక్కలు నేర్చుకునే వాళ్ళూ ఉన్నారు. ప్రదర్శన వీడియో మాత్రం విరాళాల పేజీలో పెట్టారు. తీసెయ్యమని కోచ్‌ని రెండుసార్లు అడిగాను. వేసవి అయిపోనీ హనీ అంది. వేసవి అయ్యేలోపే అది మన వాళ్ళ వాట్సాప్ గ్రూపులకి చేరింది.

శనివారం భజన ఆ వారం మా వీధిలోనే ఒక ఆంటీ ఇంట్లో. మేం చెప్పులు విప్పి లోపలికి వచ్చేసరికి మాటలు ఒక్కసారి ఆగాయి. ఆ ఇంటి ఆంటీ అమ్మని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ వీడియో చూశామండీ. మీరంత స్ట్రిక్ట్ అని అస్సలు అనుకోలేదు. చూస్తే ఎంతో సాఫ్ట్‌గా ఉంటారు."

అమ్మ నా వైపు ఒకసారి చూసి, నవ్వింది. "అప్పట్లో అలాగే ఉండేదాన్నిలెండి."

"ఆవిడెవరో కోచ్ దొరకబట్టి సరిపోయింది" అంది మరో ఆంటీ. "లేకపోతే పిల్ల ఏమైపోయేదో."

"నిజమేనండీ. అంతా ఆవిడ పుణ్యం" అంది అమ్మ.

కోచ్‌కి ఇచ్చిన మాట అమ్మ అక్కడా నిలబెట్టింది. ఇంక ఊరుకోలేకపోయాను. అదంతా అబద్ధం ఆంటీ అన్నాను. బడికి వెళ్ళనని గొడవ చేసింది నేనే, అమ్మ నన్నెక్కడా ఆపలేదు, నీళ్ళంటే భయం ఉండి కూడా ఏళ్ళ తరబడి రోజూ నన్ను తీసుకెళ్ళింది తనే అని చెప్పాను. మా మధ్యాహ్నాల గురించి కూడా చెప్పాను. గబగబా చెప్పాను.

ఆ ఇంటి ఆంటీ నా తల నిమిరింది. ఆవిడ కళ్ళలో జాలి. తర్వాత అవతలి పక్కావిడ వైపు వంగి నెమ్మదిగా అంది, నాకు వినబడేలానే.

"చూశావా, ఇప్పటికీ తల్లి ముందు ఒక్క మాట అనదు. ఎంత భయంలో పెంచారో."

అమ్మ ముఖంలో నవ్వు పోయింది. పూల్ కోసం ఇచ్చేసింది తన మంచిపేరు ఒక్కటే కాదు, నా మాట కూడా అని అమ్మకి అప్పుడు అర్థమైందనుకుంటాను.

"లేదండీ" అంది అమ్మ. "అది చెప్పేదే నిజం. బడి వద్దన్నది అదే. నేను ఊరికే..."

"పోనీలెండి వదినా, ఇప్పుడెందుకవన్నీ" అంటూ ఆంటీ అమ్మ చేతి మీద చెయ్యి వేసింది. "తప్పులు ఎవరు చెయ్యరు."

అమ్మ మళ్ళీ నోరు తెరిచింది. ఈలోగా హార్మోనియం మొదలుపెట్టారు.