రెండో మైకు ముందు ఎవరూ లేరు

కరీంనగర్‌లో పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారన్న వార్త నాకు మొదట తెచ్చింది మా మరిది సత్తయ్య. నస్పూర్ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. "ఇగ టేపు తెగుడు లేదు, అరుగుడు లేదు వదినా. ఒక్కసారి పాడితే ఉంటది" అన్నాడు.

దయ్యాలు, ఆత్మలు అనే మాటలు మా ఇంట్లో చెల్లవు. ధర్మపురిలో, నరసింహస్వామి నీడన కాపురం చేసినదాన్ని. నాకు చీకటన్నా భయం లేదు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

అప్పుడు నా గొంతులో గడ్డ తీయాల్సి ఉంది. ఆపరేషన్ తర్వాత మాట వస్తుంది గాని, పాట సంగతి చెప్పలేమన్నారు డాక్టరు. నేను బడికి పోలేదు. అక్షరాలు బాపు దిద్దించాడు, మంగళహారతులు అత్తమ్మ లచ్చవ్వ నేర్పింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ హారతుల వరస ఇక నా ఒక్కదాని గొంతులోనే ఉంది. అది పోకముందే దాచిపెట్టాలి.

మా ఇంట్లో హారతి ఒక్కరే పాడరు. ఒకరు చరణం ఎత్తుకుంటే ఇంకొకరు వంత అందుకోవాలి. ఎత్తుకునేది నేను, వంత అత్తమ్మ. ఆమెది గంటలాంటి గొంతు. "అవ్వా, జర మెల్లగ! గోదారి అవతలోళ్లు ఉలిక్కిపడ్తరు" అని సత్తయ్య తల్లిని ఆటపట్టించేవాడు. ఆ అలవాటుకొద్దీ స్టూడియోలో కూడా ఇద్దరు పాడతారని చెప్పి వచ్చాడు.

మేం వెళ్లేసరికి రికార్డు చేసే ఖాజా వైర్ల మధ్య తల వంచుకుని ఉన్నాడు. "లోపల కూసోండ్రి అమ్మా" అన్నాడు, చూడకుండానే. లోపల రెండు కుర్చీలు, రెండు మైకులు. నన్ను కూర్చోబెట్టి సత్తయ్య చాయ్‌కి వెళ్లాడు. ఖాజా ఉన్న గదికీ నేనున్న గదికీ మధ్య గోడకు అద్దం లేదు, ఒకరికొకరం కనపడం.

మైకు పట్టే శబ్దం చాలా సన్నగా ఉంటుందట. కంప్యూటర్‌కు చేరేలోపు దాన్ని పెంచే పెట్టె పేరు ప్రీయాంప్. దాని మీద ఒక్కో మైకుకు తిప్పే నాబ్ ఒక్కోటి. మెల్లని గొంతుకు పెంచాలి, పెద్ద గొంతుకు తగ్గించాలి. లేకపోతే తెర మీద గీత ఎర్రబడి పాట చిట్లిపోతుంది. అందుకే ముందు ఒక్కొక్కరితో పాడించి చూస్తారు.

నేనొక చరణం పాడాను. గోడకున్న స్పీకర్‌లోంచి ఖాజా, "మీది పెంచిన అమ్మా. ఇగ రెండో అమ్మ పాడాలె" అన్నాడు.

ఎవరూ లేరని చెప్పబోయాను. అంతలోనే, "అబ్బో! ఎర్రగ కొడ్తుంది. జర ఎన్కకు జరుగుండ్రి... వద్దు తియ్యి, నేనే తగ్గిస్త" అన్నాడు.

నాకేమీ వినపడలేదు. తన దగ్గర ఎవరో ఉన్నారనుకున్నాను. హారతి మొత్తం పాడాను. వంత వచ్చే చోటల్లా నా నోరు దానంతటదే ఆగింది.

ఖాజా తలుపు తీశాడు. "రెండో అమ్మ అందుకోలేదేంది?"

"ఇద్దరని నోరు జారిన తమ్మీ. మా వదిన ఒక్కతే వచ్చింది" అని నవ్వాడు, అప్పుడే వచ్చిన సత్తయ్య.

"మజాక్ చేస్తున్నరా? నా చెవులతోని ఇన్న" అంటూ ఖాజా ఖాళీ కుర్చీ చూసి ఆగిపోయాడు. బయటికి దారి అతని గదిలోంచే.

వైర్లన్నీ పీకి చూశాడు. ఏదీ తప్పు లేదు. నన్ను రెండో మైకు ముందు కూర్చోబెట్టి పాడించాడు. అతను తగ్గించి పెట్టిన ఆ నాబ్ దగ్గర నా గొంతుకు గీత లేవనే లేదు. మరి అంత తగ్గించాల్సిన గొంతు ఎవరిది?

"ఏం పాడింది?" అన్నాడు సత్తయ్య. నవ్వు పోయింది.

"పాడలే. 'నువ్వు ఎత్తుకో బిడ్డా, ఎన్కనే నేనున్న' అన్నది. గంతే."

ప్రతి శుక్రవారం హారతి పళ్లెం నా చేతికిస్తూ అత్తమ్మ అనే మాట అది.

లెవెల్ చూసేటప్పుడు రికార్డు నొక్కరు కనుక ఆ మాట ఎక్కడా లేదు. నా పాట నడిచినంతసేపూ రెండో మైకు గీత చదునుగానే ఉంది. అదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆపరేషన్‌లో స్వామి దయతో ప్రాణం నిలిచింది, ఖాజా చేసిన మేలుతో హారతి నిలిచింది. నాకు పాట మాత్రం తిరిగి రాలేదు. వంత చోటి ఖాళీలు కోసేస్తానని ఖాజా అంటే వద్దన్నాను. అవి అలాగే ఉన్నాయి. మీ ఇంట్లో ఎప్పుడైనా హారతి పాడితే, చరణానికీ చరణానికీ మధ్య ఒక్క క్షణం ఆగి మా లచ్చవ్వను తలుచుకోండి.