తలుపు చాటు ‘అర్థమైంది సార్’

ఆన్‌లైన్ బడి వాళ్ళ ఉపాధ్యాయ శిక్షణకు వెళ్ళి, శిక్షణ ఇచ్చేవాళ్ళకే నాలుగు ముక్కలు నేర్పి వచ్చానని తిరుపతిలో నాతో పాటు పొద్దున్నే నడిచే మిత్రులందరికీ చెప్పాను. ఒకరిద్దరు నమ్మారు కూడా. జరిగింది ఇప్పుడు రాస్తాను. మొదటి సంగతి, నేను ఎక్కడికీ వెళ్ళలేదు. మా వరండాలోనే కూర్చున్నాను.

నేను రిటైరైన లెక్కల అయ్యవారిని. ఇంట్లో కూర్చున్న మూడేళ్ళలో నన్ను సార్ అని పిలిచింది గ్యాసు సిలిండరు తెచ్చే అతనొక్కడే. అందుకే ఆన్‌లైన్‌లో ఆరో తరగతికి లెక్కలు చెప్పే అవకాశం వస్తే ఎగిరి గంతేశాను. ఎగరలేదులెండి, మోకాళ్ళు ఒప్పుకోవు. రెండు వారాల శిక్షణ, చివర ఒక నమూనా పాఠం. అది బాగుంటేనే తరగతి ఇస్తారు. లేదంటే మళ్ళీ సిలిండరు కోసం ఎదురుచూడాల్సిందే.

శిక్షకురాలు నగరి అమ్మాయి. ఆమె మాట్లాడుతుంటే వెనక మరమగ్గం చప్పుడు వినిపించేది. తెర మీద రాయడం, గీతలు గీయడం త్వరగానే పట్టుకున్నాను. ఒక్కటే మింగుడు పడలేదు. చిత్తూరు జిల్లా బళ్ళలో నలభై ఏళ్ళు నేను “అర్థమైందా?” అంటే తరగతి తరగతంతా ఒక్క గొంతుతో “అర్థమైంది సార్” అనేది. ఆ కేక పడితేనే నాకు తర్వాతి లెక్క గుర్తొచ్చేది. ఇక్కడ అందరి మైకులూ కట్టేసి ఉంటాయి. అర్థమైందా అంటే మా ఫ్యాను చప్పుడే బదులు.

అందుకని నమూనా పాఠం రోజు తలుపు చాటున కుర్చీ వేసి మా ఆవిడను కూర్చోబెట్టాను. నేను అడిగినప్పుడల్లా ఆ రెండు మాటలూ అనమన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆమె చేత సార్ అనిపించుకోవడం కూడా లాభమే అనుకున్నానని ఒప్పుకుంటున్నాను.

పాఠం భిన్నాల భాగహారం. నాలాగే శిక్షణకు వచ్చిన పంతుళ్ళు తెర మీద పిల్లల్లా కూర్చున్నారు. రెండో భిన్నాన్ని తిరగేసి గుణించాలని చెప్పి, అర్థమైందా అని అడిగాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మా ఆవిడ చక్కగా పలికింది. మూడోసారికి శిక్షకురాలు పాఠం ఆపింది.

“సార్, ఆ మాట అంటా ఉండేది ఎవరు?”

టీవీ అన్నాను. ఆ టీవీయే లేచి వచ్చి నా పక్కన నిలబడింది.

“నేనే పాపా.”

“సార్ చెప్పినదాంట్లో మీకు ఏం అర్థమైందమ్మా?”

“కిందుండేదాన్ని పైకేసినారు. ఎందుకేసినారో తెలీదు. అడగబాకు, అర్థమైంది అని మాత్రం అను అని సెప్పినారు.”

కట్టేసిన మైకులన్నీ విప్పుకొని మరీ నవ్వారు. శిక్షకురాలు నవ్వలేదు. రేపు ఇదే పాఠం మళ్ళీ చెప్పమంది, ఆలోగా అమ్మకు నిజంగా అర్థం కావాలంది.

సాయంత్రం నేను కాగితం తీశాను. మా ఆవిడ వంటింట్లోకి నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను. వేరే దారి లేక అర సేరు బియ్యం పోసి, పావు సేరు గ్లాసు ఆమె చేతికిచ్చి, ఇందులో ఇవి ఎన్ని ఉన్నాయో చూడమన్నాను.

“రెండు. దీనికేనా ఇంతసేపు కిందా మీదా పడినారు?”

నలభై ఏళ్ళలో అర్థమైంది అన్నవాళ్ళలో నిజంగా ఎందరికి అయిందో అన్న లెక్క అక్కడే మొదలుపెట్టి, భయమేసి ఆపేశాను.

మర్నాడు బియ్యం, గ్లాసు పెట్టుకుని కూర్చున్నాను. అర్థమైందా అనలేదు. ముప్పావు సేరులో పావులు ఎన్ని అని అడిగి నోరు మూసుకున్నాను. గంటసేపు ఎవరూ మాట్లాడలేదు. గంట కాదు, అర నిమిషం. అప్పుడు ఒక పంతులమ్మ, “నాకు తెలీలేదు సార్, ఇంకోసారి కొలిచి చూపిస్తారా?” అంది. ఆ మాటకు నాకు ప్రాణం లేచి వచ్చింది. కొలిచి చూపించాను. తరగతి నాకే ఇచ్చారు.

ఇప్పుడు మా ఆవిడకు తలుపు చాటున పని లేదు. అయినా పాఠం జరుగుతుంటే వచ్చి కూర్చుంటుంది. దశాంశాలంటే ఆమెకు ప్రాణమని మిత్రులకు చెప్పాను. ఆమె చూసేది గ్లాసు ఎప్పుడు తిరిగి ఇస్తానా అని.